చిత్రతురగం, చిత్రరథం: కారు పందేల వీడియో ఆటల్లో వాస్తవికత, ఆనందం

1997 డిసెంబరు 23న జపానులో విడుదలైన ‘గ్రాన్ టురిస్మో’ అనే వీడియో ఆట, తాను ‘అసలైన డ్రైవింగు సిమ్యులేటరు’నని చెప్పుకునే ఉపశీర్షికతో వచ్చింది. అంతకు పదకొండేళ్ల ముందు, 1986లో, సెగా సంస్థ తరఫున ‘అవుట్ రన్’ను రూపొందించిన యు సుజుకి తన కృతిని పందెపు ఆటగా భావించలేదు. అది కారు నడపడంలోని హాయిని పంచే ఆట అన్నది ఆయన అభిప్రాయం. ఈ రెంటిలోనూ ఆటగాడు కూర్చున్న చోటి నుంచి ఒక్క అడుగు ముందుకు పోడు. పెట్రోలు కాలదు, టైరు అరగదు, ఎవరికీ గాయం కాదు. అయినా మొదటిది వాస్తవికమనీ, రెండవది కేవల వినోదమనీ లోకం విభజించి పెట్టుకుంది. గ్రాన్ టురిస్మో తొలి భాగం ఒక్కటే కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయింది. ఇంతమంది చేతుల్లోకి వెళ్లిన కళారూపాన్ని పిల్లల ఆటగా కొట్టిపారేయడం విమర్శకు తగదు. పై విభజన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం అవసరం.

వాస్తవికతకూ ఆనందానికీ గల సంబంధం భారతీయ అలంకారశాస్త్రానికి కొత్త సమస్య కాదు. నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయంలో ఇంద్రాది దేవతలు బ్రహ్మను కోరినది ఒక ‘క్రీడనీయకం’. అంటే చూడడానికీ వినడానికీ అనువైన ఆటవస్తువు. నాట్యపు పుట్టుకలోనే ఆటబొమ్మ కోసం చేసిన అభ్యర్థన ఉంది. భరతుడు లోకధర్మి, నాట్యధర్మి అని రెండు పద్ధతులను నిరూపించాడు. లోకంలో ఉన్నదాన్ని ఉన్నట్లు చూపేది మొదటిది. రంగస్థలానికి మాత్రమే చెల్లే సంకేతాలతో చూపేది రెండవది. రంగస్థలం మీద నాలుగడుగులు చుట్టివస్తే పాత్ర నగరం నుంచి అడవికి చేరినట్లే. శాకుంతలం ప్రథమాంకంలో దుష్యంతుని రథం జింక వెంట పరుగెత్తుతుంది. అక్కడ రథమూ లేదు, గుర్రాలూ లేవు. దూరాన సూక్ష్మంగా కనిపించినది క్షణంలో పెద్దదైపోతున్న తీరును రాజు చెబుతాడు, నటుడు అభినయిస్తాడు. ప్రేక్షకునికి వేగం అందుతుంది.

ఈ సమస్యను మరింత సూక్ష్మంగా పట్టుకున్నవాడు శ్రీశంకుకుడు. ఆయన అభిప్రాయాన్ని అభినవగుప్తుడు తన వ్యాఖ్యలో ఉటంకించాడు. గోడ మీది గుర్రపు బొమ్మను చూసినవాడు ‘ఇది గుర్రం’ అంటాడు. ఆ జ్ఞానం సత్యం కాదు, భ్రాంతి కాదు, సంశయం కాదు, గుర్రంలా ఉన్నదనే సాదృశ్యజ్ఞానమూ కాదు. నాలుగింటికీ భిన్నమైన మరొక ప్రతీతి. దీనినే చిత్రతురగ న్యాయమన్నారు. నటుని చూసి ప్రేక్షకుడు రాముడని గ్రహించేదీ ఇలాంటి ప్రతీతితోనే అని శంకుకుని వాదం. అభినవుని గురువు భట్టతౌతుడు ఈ అనుకరణవాదాన్ని ఖండించాడు. దేనిని అనుకరిస్తున్నాడో నటుడూ చూడలేదు, ప్రేక్షకుడూ చూడలేదు. అలాంటప్పుడు అనుకరణ అని నిర్ణయించేదెవరని ఆ ఖండనలోని ఒక ముఖ్యాంశం. ఫార్ములా వన్ కారును జీవితంలో ఎక్కని లక్షలాది యువకులు ఒక ఆటను ‘అచ్చం అసలు కారులాగే ఉంది’ అని మెచ్చుకునే ఈ కాలంలో భట్టతౌతుని ప్రశ్నకు పదును తగ్గలేదు.

అయితే ఒక భేదం ఉంది. గోడ మీది గుర్రాన్ని ఎవరూ ఎక్కరు. తెర మీది రథాన్ని మాత్రం ఆటగాడు తోలుతాడు. అతడు ఏకకాలంలో ప్రేక్షకుడు, నటుడు కూడా. కాబట్టి చిత్రరథానికి పరీక్ష కంటితో కాక చేతితో జరుగుతుంది. మలుపులో చక్రం ఎక్కువ తిప్పితే కారు జారాలి. ఆలస్యంగా బ్రేకు వేస్తే దారి తప్పాలి. తప్పు తనదేనని ఆటగాడు ఒప్పుకోగలగాలి. ఈ కార్యకారణ సంబంధం ఎంత నిక్కచ్చిగా ఉంటే ఆట అంత నమ్మదగినదవుతుంది. బొమ్మ ఎంత నిగనిగలాడిందన్నది తరువాతి మాట. ఏ ఆటా లోకాన్నంతా తెరకెక్కించలేదు. ప్రతి ఆటా ఏదో ఒకటి వదలక తప్పదు. ఆనందం కోసం వదిలినదేదో, అమ్మకం కోసం వదిలినదేదో వేరుచేసి చూడడమే ఇక్కడ విమర్శకు అసలు పని.

అవుట్ రన్ వదిలినది కొండంత. అందులో పోటీదారులు లేరు, పోటీ కాలంతోనే. గేర్లు రెండే. ఎర్రని ఫెరారీ టెస్టరోసా, పక్క సీట్లో ఒక యువతి, ముందు సముద్రతీరం. పందెం మొదలుకాక ముందే కారు రేడియోను తిప్పి మూడు బాణీల్లో ఒకటి ఎంచుకోవాలి. ప్రతి ఘట్టం చివర దారి రెండుగా చీలుతుంది. ఐదు ఘట్టాలు దాటితే గమ్యం, గమ్యాలు ఐదు. రూపకర్త యూరప్‌లో తిరిగి దృశ్యాలను సేకరించాడు. కానీ ఆట భూగోళపాఠం కాదు. ఎడారి పక్కనే పూలతోట వస్తుంది, ఆ సంధిలో ఎవరికీ అనౌచిత్యం తోచదు.

ఆ యంత్రంలో నిజమైన త్రిపరిమాణ దృశ్యం లేదు. చెట్లు, బోర్డులు, ఎదురయ్యే వాహనాలు అన్నీ చదునైన బొమ్మలే. వాటిని అతివేగంగా పెద్దవి చేస్తూ పోవడమే యంత్రం చేసే పని. దూరాన చుక్కగా ఉన్న తాటిచెట్టు రెప్పపాటులో తెరంత పెరిగి పక్కకు తప్పుకుంటుంది. కాళిదాసు రాజు నోట పలికించిన రథవేగ లక్షణం ఇదే. కవి మాటతో చేసినదాన్ని సెగా ఇంజనీర్లు విద్యుత్ పలకలతో చేశారు. దారి పక్కన వస్తువులు లేకుండా ఖాళీ రోడ్డు మీద గంటకు రెండు వందల తొంభై కిలోమీటర్లని అంకె చూపినా వేగం అనిపించదు. వేగం అన్నది దాటిపోతున్న వస్తువుల మీద ఆధారపడిన అనుభూతి. ఫెరారీ లాంఛనం గుర్రమే కావడం యాదృచ్ఛికం. అయినా శంకుకుడు ఈ యంత్రం ముందు నిలబడి ఉంటే సంతోషించేవాడే.

ప్రమాదం జరిగితే అవుట్ రన్‌లో కారు పల్టీ కొడుతుంది, ఇద్దరూ రోడ్డు మీద పడతారు. మరుక్షణం ఇద్దరూ సీట్లలో ఉంటారు. పోయినది కొన్ని సెకన్ల కాలం. ఇది అవాస్తవం, కానీ అబద్ధం కాదు. ఆ ఆట వాస్తవికతను వాగ్దానం చేయలేదు. నాట్యధర్మిని ఆశ్రయించి, దానినే చివరివరకు పాటించింది. ముప్పై ఎనిమిదేళ్లు దాటినా ఆడేవారికి అది పాతబడకపోవడానికి కారణం ఈ నిజాయితీయే. ఆనాడు అసలులా కనిపించడానికి పోటీపడిన ఎన్నో ఆటలు ఈనాడు బొమ్మలుగానైనా నిలవలేకపోయాయి.

భారతదేశంలో ఈ కళారూపం ఇంటింటికీ చేరినది ఇలాంటి ఖరీదైన యంత్రాల ద్వారా కాదు. టెలివిజనుకు తగిలించే చవక ఆటపెట్టెల ద్వారా, వాటిలోని కొనామీ వారి ‘రోడ్ ఫైటర్’ ద్వారా. 1984లో మొదట నాణేల యంత్రంగా వచ్చిన ఈ ఆటలో రోడ్డు పైనుంచి కిందికి జారుతూ ఉంటుంది. ఎర్రకారు ఆటగాడిది. ఇతర వాహనాలకు తగిలితే కారు అదుపు తప్పుతుంది. అంచును ఢీకొంటే పేలిపోతుంది, ఇంధనం తరుగుతుంది. ఇంధనం అయిపోతే ఆట ముగిసినట్లే. దృశ్యం విషయంలో ఇంతకన్న నిరాడంబరమైన ఆట ఉండబోదు. అయినా ట్యాంకులో ఉన్నదెంత, పోవలసిన దూరమెంత అనే బెంగ మధ్యతరగతి కుటుంబాలకు బాగా తెలిసినది. విజయవాడ, హైదరాబాదుల్లోనే కాదు, దేశంలో ఎన్నో ఊళ్లలో ఒక తరం పిల్లలకు వాస్తవికత మొదట తగిలినది ఆ తరిగిపోయే అంకెలోనే.

వాస్తవికవాదుల పక్షానికి వస్తే, వారి శాస్త్రమంతా టైరులో ఉంది. టైరుకు రోడ్డు మీద ఉండే పట్టు పరిమితమైనది. ఆ పట్టును బ్రేకుకు ఎంత వాడుకుంటే మలుపుకు అంత తక్కువ మిగులుతుంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుచక్రాల మీదికి వాలుతుంది, వెనుకచక్రాలు తేలికవుతాయి. ఆ సమయంలో స్టీరింగు తిప్పితే కారు వెనుకభాగం ముందుకు రాబోతుంది. అనుభవజ్ఞుడైన చోదకుడు దీనిని కంటితో చూడడు. నడుముతో, వీపుతో గ్రహిస్తాడు. తెర ముందు కూర్చున్న ఆటగాడి నడుముకు ఏ సమాచారమూ అందదు. అసలు శరీరమే ఈ కళలో లోపించిన మొదటి వస్తువు.

లోపించినదాన్ని మరొక దారిలో పూరించడమే రూపకర్త నైపుణ్యం. టైరు పట్టు వదలబోయే ముందు చేసే కీచుధ్వని వాస్తవంలోనూ ఉన్నదే. ఆటలో దానిని కొంచెం ముందే, కొంచెం గట్టిగా వినిపిస్తారు. చేతిలోని పరికరం వణుకుతుంది. చక్రం ఎదురుతిరిగి బరువెక్కుతుంది. అంటే వాస్తవానుభవం కలగడానికే వాస్తవాన్ని కొంత సవరించక తప్పదు. ఉన్నది ఉన్నట్లు తెరకెక్కిస్తే కారు అసలుకన్న నడపడం కష్టమవుతుంది, ఎందుకంటే అసలు చోదకునికి ఉన్న సగం ఇంద్రియాలు ఆటగాడికి లేవు. ‘కష్టమైనదే వాస్తవం’ అనే వాడుక సిద్ధాంతంలోని పొరపాటు ఇదే. ఒక ఆట నిజమైన కారుకన్న కష్టంగా ఉందంటే అది వాస్తవికత ఎక్కువై కాదు, పూరణ తక్కువై.

బ్రిటిష్ రూపకర్త జెఫ్ క్రామండ్ ఈ చిక్కును సంస్కారవంతంగా పరిష్కరించాడు. 1991, 92 సంవత్సరాల్లో వెలువడిన ఆయన ‘ఫార్ములా వన్ గ్రాండ్ ప్రి’లో ఆరు సహాయాలు ఉంటాయి. బ్రేకు తానే పడడం, గేరు తానే మారడం, తిరగబడిన కారు తానే సర్దుకోవడం, కారు విరగకపోవడం, అనువైన మార్గాన్ని గీతగా చూపడం, తగిన గేరు సూచించడం. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మీట. కొత్తవాడు ఆరింటినీ పెట్టుకుని మొదలుపెడతాడు. చేయి తిరిగేకొద్దీ ఒక్కొక్కటి తీసేస్తాడు. ఇక్కడ వాస్తవికత ఎవరో పైనుంచి రుద్దిన ప్రమాణంగా కాక, ఆటగాడూ ఆటా కలిసి రాసుకున్న ఒప్పందంగా మారింది. సంగీత గురువు శ్రుతిపెట్టె పక్కన కూర్చోబెట్టి, సరళీస్వరాలతో మొదలుపెట్టించి, ఆధారాలను క్రమంగా తొలగించే పద్ధతికి ఇది దూరం కాదు. తరువాత వచ్చిన దాదాపు ప్రతి పందెపు ఆటా ఈ పద్ధతిని స్వీకరించింది.

గ్రాన్ టురిస్మో రూపకర్త కజునోరి యమౌచి ఈ శిక్షణ భావాన్ని ఆట నడిబొడ్డున పెట్టాడు. పందేలకు వెళ్లే ముందు లైసెన్సు పరీక్షలు. బయలుదేరి నిర్ణీత హద్దులో ఆపడం, ఒకే ఒక్క మలుపును నిర్ణీత కాలంలో దాటడం. చేతిలో పదివేల క్రెడిట్లు. వాటితో వచ్చేది పాతకార్ల దుకాణంలోని ఒక వాడిన కారు. దానితో చిన్న పందేలు గెలిచి, సొమ్ము కూడబెట్టి, సైలెన్సరు మార్చి, టైర్లు మార్చి పైకి రావాలి. అవుట్ రన్ కలను ఒక్క నాణేనికి ఇచ్చింది. గ్రాన్ టురిస్మో దానిని వాయిదాల మీద ఇచ్చింది. ఇందులో మజ్దా డెమియో వంటి సాధారణ కుటుంబపు కార్లు కూడా ఉండడం గొప్ప విశేషం. రోజూ వీధిలో కనిపించే కారుకు కూడా ఒక నడక, ఒక స్వభావం ఉంటాయని, దాని హద్దులెరిగి నడపడంలో రసం ఉందని ఈ కృతి చూపింది. లోకధర్మికి ఇంతకన్న మంచి సమర్థన ఈ రంగంలో లేదు.

కానీ ఆ ‘అసలైన’ ప్రపంచంలో కారుకు గీత కూడా పడదు. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొన్న కారు వేగం తగ్గి, మళ్లీ మెరుస్తూ సాగిపోతుంది. యంత్రశక్తి చాలకపోవడం దీనికి ఒక కారణమైతే కావచ్చు. తమ కార్లు తెర మీద నలిగి కనిపించడం కార్ల తయారీదారులకు రుచించకపోవడం మరొక కారణంగా ఈ రంగంలో తరచు చెప్పుకునేది. ఈ వరుసలో కార్లకు దెబ్బ తగలడం కనిపించినది 2010లో వచ్చిన ఐదవ భాగంలోనే.

ఈ లోపాన్ని కేవలం వాస్తవికతా లోపంగా చూడడం చాలదు. అది ఆనందాన్నే చెడగొట్టింది. దెబ్బతినే భయం లేకపోవడంతో ఆటగాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. మలుపులో బ్రేకు వేయనక్కరలేదు. ప్రత్యర్థి కారు పక్కకు ఆనుకుని, లేదా గోడకు రాసుకుంటూ పోతే చాలు, అదే మలుపు తిప్పుతుంది. లైసెన్సు పరీక్షలో బ్రేకు ఎక్కడ వేయాలో మీటర్ల లెక్కన నేర్పిన ఆట, పందెంలో బ్రేకు అక్కరలేదని నేర్పింది. కార్యకారణ సంబంధం అక్కడ తెగిపోయింది. అవుట్ రన్ వదిలినవన్నీ దాని ఆనందానికి తోడ్పడ్డాయి. గ్రాన్ టురిస్మో వదిలిన ఈ ఒక్కటీ దాని సొంత ధర్మానికే విరుద్ధంగా పనిచేసింది. వస్తుప్రదర్శనశాలలో పురాతన శిల్పం మీది పగుళ్లను సున్నం పూసి కప్పేవాడు శిల్పానికి సేవ చేస్తున్నాడనుకుంటాడు; ఇదీ అంతే.

దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో పోయిన ఆట క్రైటీరియన్ సంస్థ 2004లో తెచ్చిన ‘బర్నవుట్ 3’. అందులో నిజమైన తయారీదారుల పేర్లు లేవు, కాబట్టి కార్లను నలపడానికి అడ్డులేదు. ప్రమాదమే అక్కడ పండుగ. లోహం మడతలు పడే దృశ్యాన్ని నిదానించి చూపిస్తారు. 2008లో వచ్చిన తరువాతి భాగంలో కార్లలో చోదకులే కనిపించరు. ఊరంతా ఖాళీ కార్లు తమంతట తాము పరుగెత్తుతుంటాయి. మనిషి లేని ప్రమాదంలో విషాదం ఉండదు, ఆ లెక్క సరిగానే వేసుకున్నారు. కానీ కాసేపు ఆడిన తరువాత ఆ ఊరిలో మనుషులెక్కడికి పోయారన్న ప్రశ్న మెల్లగా తలెత్తుతుంది, ఆట మీద ఒక చల్లదనం కమ్ముకుంటుంది. నింటెండో వారి ‘మారియో కార్ట్’ వంటివి మరొక జాతి. వెనుకబడినవాడికి బలమైన ఆయుధం ఇచ్చి అందరినీ దగ్గరగా ఉంచే ఆ ఆట నైపుణ్యానికి పరీక్ష కాదు, పండుగనాటి ఇంటిల్లిపాది కాలక్షేపం. అక్కడ వాస్తవికత గురించి అడగడమే అప్రస్తుతం.

2008లో కోడ్‌మాస్టర్స్ సంస్థ ‘గ్రిడ్’ అనే ఆటలో కాలాన్ని వెనక్కి తిప్పే సౌకర్యం తెచ్చింది. ఢీకొన్న తరువాత కొన్ని సెకన్లు వెనక్కి వెళ్లి మలుపును మళ్లీ ప్రయత్నించవచ్చు. మరుసటి ఏడాది ‘ఫోర్జా’ వరుసలోని మూడవ భాగమూ ఇదే బాట పట్టింది. వాస్తవికవాదులు దీనిని ఈసడించారు. ఆ ఈసడింపులో న్యాయం సగమే. ఒకే చరణాన్ని పదిసార్లు పాడి సరిచేసుకునే సాధకుణ్ణి ఎవరూ మోసగాడనరు. సాధనకు, కచ్చేరీకి తేడా చెరిపేసినప్పుడే ఇబ్బంది.

ఆట నుంచి అసలు పందెపు మార్గానికి వంతెన కట్టిన ప్రయత్నమూ 2008లోనే మొదలైంది. నిసాన్, సోనీ సంస్థలు కలిసి గ్రాన్ టురిస్మోలో ఆరితేరినవారిని ఎంపికచేసి నిజమైన పందేలకు శిక్షణ ఇచ్చాయి. మొదటి విజేత స్పెయిన్‌కు చెందిన లూకాస్ ఓర్డోన్యెజ్ 2011లో లెమాన్ ఇరవైనాలుగు గంటల పందెంలో తన తరగతిలో రెండవ స్థానం పొందిన బృందంలో ఉన్నాడు. దీనితో ఉపశీర్షికకు రుజువు దొరికినట్లే అనిపించింది. మలుపు ఎక్కడ మొదలవుతుందో, పట్టు ఎక్కడ తప్పుతుందో ఆట నేర్పగలదనడంలో ఇక సందేహం లేదు.

2011 విజేత, బ్రిటన్ యువకుడు యాన్ మార్డెన్‌బరో 2015 మార్చి 28న జర్మనీలోని న్యూర్బుర్గ్‌రింగ్‌లో పోటీపడుతున్నాడు. ఎత్తు దాటిన చోట కారు ముందుభాగం గాలిలోకి లేచింది. కారు కంచె దాటి పడింది. అక్కడ నిలబడి చూస్తున్న ఒక ప్రేక్షకుడు మరణించాడు. తరువాత కొంతకాలం ఆ మార్గంలోని కొన్ని భాగాల్లో పందెపు కార్లకే వేగపరిమితి విధించవలసి వచ్చింది. అదే మార్గం 2004 నుంచి గ్రాన్ టురిస్మోలో ఉంది. అక్కడ దారి పక్కన నిలబడిన మనుషులు దారి పక్కనే ఉండిపోతారు. ఆటగాడు తెలుసుకోగలిగినదంతా ఆ మార్గం గురించి ఆట చెప్పింది. కంచె అవతలి మనిషి గురించి మాత్రం చెప్పలేదు.

2023లో నీల్ బ్లోంక్యాంప్ దర్శకత్వంలో ఈ యువకుని కథ చలనచిత్రంగా వచ్చింది. 2015 నాటి ప్రమాదాన్ని అందులో 2013 నాటి లెమాన్ పందెానికి ముందు జరిగినట్లు మార్చారు. మరణం నాయకుని పట్టుదలకు ఒక మెట్టుగా మారింది. ఈ మార్పు విమర్శకు గురైంది, గురికావడం సమంజసమే. నాటకకర్తకు కాలాన్ని మార్చే స్వేచ్ఛ ఉంది. కాని నిజంగా చనిపోయిన మనిషి మరణాన్ని ముందుకు జరిపి మరొకరి విజయానికి పునాదిగా వేయడం, కారుకు గీత పడకుండా చూసుకున్న అదే మనస్తత్వానికి మరొక రూపం. రెండు చోట్లా వస్తువు మెరుపుకు భంగం రాకూడదన్నదే ప్రధానం.

2022లో భారతదేశపు రోడ్ల మీద 1,68,491 మంది ప్రమాదాల్లో మరణించినట్లు కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక తెలిపింది. దీనికి వీడియో ఆటలు కారణమనడం తొందరపాటు. అయితే ‘అసలైన డ్రైవింగు’ అనే మాట ఈ దేశంలో విన్నప్పుడు వేరుగా ధ్వనిస్తుంది. 2011లో వెలువడిన అధికారిక ఫార్ములా వన్ ఆటలో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్ చోటుచేసుకుంది. భారతీయ భూమి అక్కడ చక్కని తారుగా, మూసిన కంచెల మధ్య కనిపిస్తుంది. గుంటూరు జిల్లాలో రోడ్డు మీద మిరపకాయలు ఆరబోసిన చోట, గేదెలమంద అడ్డం వచ్చిన చోట, రంగు వేయని స్పీడుబ్రేకరు దగ్గర చోదకుడు చూపే నేర్పుకు ఏ ఆటా లైసెన్సు పరీక్ష పెట్టలేదు. అది ఎవరి వాస్తవమన్న ప్రశ్న హాస్యానికి అడిగేది కాదు. ఈ ఆటలు తలచే రోడ్డు తన మీద ఇంకెవరికీ హక్కులేని రోడ్డు.

మృత్యువును వదలక తప్పని ఈ కళలో, దాని నీడనైనా నిలుపుకున్న కృతి ఒకటి ఉంది. అది ఈ చలనచిత్రానికి పాతికేళ్ల ముందు, 1998లో, పపైరస్ సంస్థలో డేవిడ్ కేమర్ రూపొందించిన ‘గ్రాండ్ ప్రి లెజెండ్స్’. తన కాలపు కార్లను వదిలి ఆయన 1967 నాటి పందేలను ఎన్నుకున్నాడు. ఆ కార్ల బరువు సుమారు ఐదు వందల కిలోలు, బలం నాలుగు వందల అశ్వశక్తికి అటూ ఇటూ. కారును రోడ్డుకు అదిమిపట్టే రెక్కలు ఇంకా రాలేదు. చోదకుల్లో చాలామంది సీటు బెల్టు కట్టుకోని కాలం. ఇంత బలాన్ని ఇంత తక్కువ పట్టుతో అదుపు చేయాలంటే కారును నేరుగా నడపడం కుదరదు; జారనిస్తూనే నడపాలి. మలుపులో దిశను స్టీరింగుతో కన్న యాక్సిలరేటరుతో సరిచేయాలి. కొత్త ఆటగాడు మొదటి మలుపు చేరక ముందే గిర్రున తిరిగి గడ్డిలో పడతాడు. చాలామంది అక్కడే విసిగి వదిలేశారు. ఓపిక పట్టినవారికి మాత్రం, ఇరవైరెండు కిలోమీటర్లకు పైబడిన న్యూర్బుర్గ్‌రింగ్‌ను ఒక్క చుట్టు తప్పులేకుండా పూర్తిచేయడమే పందెం గెలవడంకన్న పెద్ద సంతోషమైంది. తెర మీది బొమ్మలు ఈనాటి కళ్లకు మోటుగా ఉంటాయి. కారు నడక మాత్రం మోటుబారలేదు. పైన చెప్పిన కార్యకారణ పరీక్షకు ఇంత గట్టిగా నిలిచిన ఆట మరొకటి అరుదు.

చరిత్ర విద్యార్థికి ఈ కృతి మరొక కారణంగా ఆసక్తికరం. ఇది ఒక సంవత్సరాన్ని పునర్నిర్మించడానికి చేసిన ప్రయత్నం. లోటస్ 49 కారులో జిమ్ క్లార్క్, గ్రాహం హిల్; ఈగిల్ కారులో డాన్ గర్నీ. తాళపత్ర గ్రంథంలో పాఠభేదాలు వెతికినట్లు ఇందులోనూ వెతికితే కొన్ని దొరుకుతాయి. హోండా కార్లున్నాయి, కాని హోండా పేరు లేదు. అనుమతి కుదరక ‘మురసమ’ అనే కల్పిత నామం పెట్టారు. కూపర్ కార్లు ‘కవెంట్రీ’ అయ్యాయి. ఆ ఏడాది ఫ్రెంచి గ్రాండ్ ప్రి నిజానికి లెమాన్‌లోని బుగాటీ మార్గంలో జరిగింది. అక్కడి చప్పని మలుపులకు బదులు రూపకర్తలు అడవికొండ మీది రువాన్ మార్గాన్ని తెచ్చి పెట్టారు. ఆనందం కోసం చేసిన మార్పు ఇది, ఆ మేరకు ఒప్పుకోదగినదే. రువాన్ దిగుడు మలుపులు బుగాటీ మార్గం కన్న వెయ్యి రెట్లు మేలు. 

ఆ సంవత్సరపు ఆనందాల మధ్య మరణమూ ఉంది. 1967 మేలో మొనాకోలో లోరెంజో బాండినీ కారు మంటల్లో చిక్కుకుంది, మూడు రోజులకు ఆయన చనిపోయాడు. మరుసటి ఏప్రిల్‌లో హాకెన్‌హైమ్‌లో క్లార్క్ మరణించాడు. ఆట ఈ సంగతులను దృశ్యాలుగా చూపదు. చూపకుండానే, కారు అంచున ఎంత అస్థిరంగా నిలిచి ఉందో చేతికి తెలియజేస్తుంది. ఆ అస్థిరతను ఒకసారి అనుభవించినవాడు ఆ కాలపు ఛాయాచిత్రాలను మునుపటిలా చూడలేడు. భయానకాన్ని రంగస్థలం మీద చంపి చూపకుండా స్ఫురింపజేయడం ప్రాచీన నాటకకర్తలు కూడా పాటించిన మర్యాద.

రువాన్‌లో చివరి ఫార్ములా వన్ పందెం 1968 జూలై 7న వానలో జరిగింది. దిగుడు మలుపులో జో ష్లెసెర్ నడుపుతున్న హోండా అదుపు తప్పి గట్టును ఢీకొని అంటుకుంది. మెగ్నీషియం పొదిగిన ఆ కారు మంటలను ఆర్పలేకపోయారు, ఆయన బతకలేదు. 1994లో ఆ మార్గంలో పందేలు ఆగిపోయాయి. 1999లో అక్కడి కట్టడాలను కూల్చివేశారు. ఇప్పుడది మామూలు రోడ్డు. కేమర్ ఆటలో మాత్రం ఆ మలుపు ఉంది, దాని పక్క చెట్లు ఉన్నాయి, హోండా మరొక పేరుతో ఉంది. అక్కడ పట్టు తప్పితే చక్రాలు ఊడి దొర్లిపోతాయి, కారు బోర్లపడి ఆగుతుంది. రెండు మీటలు కలిపి నొక్కితే కారు మళ్లీ చక్కగా, రోడ్డు మీద, నాలుగు చక్రాలతో నిలబడి ఉంటుంది.